సైటేషన్ల లెక్కకు అందని పని

“టెలిస్కోపులకు పరికరాలు నిర్మించే ఖగోళ శాస్త్రవేత్త స్థాయిని పరిశోధన పత్రాల సంఖ్య, సైటేషన్లు (ఇతరుల పత్రాల్లో వాటికి వచ్చిన ప్రస్తావనలు), హెచ్-ఇండెక్స్ (ఆ రెండింటినీ కలిపి లెక్కకట్టే సూచిక) చూసి నిర్ణయించవచ్చా?” అన్నది ప్రశ్న. నిర్ణయించకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం. నక్షత్రపు కాంతిని వర్ణపటంగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్‌లతోనూ, ఆ కాంతిని నమోదుచేసే సీసీడీ కెమెరాలతోనూ చాలాకాలం పనిచేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

ఈ రంగంలో శ్రమ ఎలా కనుమరుగవుతుందో ఒక్క రాత్రి సంగతి చెబితే తెలుస్తుంది. మేము ఒక కొత్త స్పెక్ట్రోగ్రాఫ్‌ను టెలిస్కోపుకు అమర్చిన రోజులవి. ప్రయోగశాలలో ఏ లోపమూ చూపని దాని కెమెరా డిటెక్టర్, టెలిస్కోపు ఉండే డోమ్‌లోకి చేరగానే బయాస్ ఫ్రేముల్లో వాలుగా సన్నని చారలు చూపసాగింది. షట్టర్ మూసి, కాంతి సోకకుండా తీసే ఫ్రేము అది. అందులో చదునైన నేపథ్యం తప్ప మరేదీ కనబడకూడదు. చారల తీవ్రత కొద్ది ఎలక్ట్రాన్లే అయినా, మసక నక్షత్రపు వర్ణపటంలో సన్నని శోషణ రేఖలను మింగేయడానికి అంతే చాలు. డిటెక్టర్‌ను చల్లగా ఉంచే డ్యూవార్ పాత్రలో ద్రవ నైట్రోజన్ తగ్గకుండా చూసుకుంటూ, ఒక్కొక్క యంత్రానికి కరెంటు తీసి, ఫ్రేము తీసి, ఆ చారల పౌనఃపున్యం మారిందేమో చూస్తూ రాత్రంతా గడిపాము. తెల్లవారుజామున డోమ్ మోటారు నియంత్రణ పెట్టెను ఆపగానే చారలు మాయమయ్యాయి. ఆ పెట్టెకూ కెమెరా కంట్రోలర్‌కూ ఎర్తింగు రెండు దారుల్లో కలవడంతో ఏర్పడిన గ్రౌండ్ లూపే దానికి కారణం. ఎర్తు తీగలన్నింటినీ ఒకే చోట కలిపి, కేబుళ్ల దారి మార్చిన తరువాత ఆ పరికరం చక్కగా పనిచేసింది. దానితో వెలువడిన పత్రాల్లో మా రాత్రి “ప్రామాణిక పద్ధతిలో బయాస్‌ను తీసివేశాము” అన్న ఒక్క వాక్యంగా మిగిలింది.

ఆ తరువాత ఒక విద్యాసంస్థ ఇంటర్వ్యూలో, మా బృందంలో అందరికన్నా సమర్థుడైన సహోద్యోగిని ఎంపిక సంఘం మొట్టమొదట అడిగింది, ప్రథమ రచయితగా ఎన్ని పత్రాలున్నాయని. ఎస్‌పీఐఈ అనే అంతర్జాతీయ ఆప్టిక్స్ సంఘపు సదస్సు సంపుటాల్లో వచ్చినవాటిని తోటి శాస్త్రవేత్తల సమీక్షకు నోచుకోలేదంటూ కొట్టిపారేశారు. పరికర నిర్మాతలు తమ పనిని ప్రధానంగా ప్రకటించేది ఆ సంపుటాల్లోనేనని, వందల పేజీల డిజైన్ సమీక్ష నివేదికలు వేధశాల బీరువాలు దాటవని తెలియనివారు ఈ రంగానికి మనుషులను ఎంపిక చేయడం అన్యాయం. హార్ప్స్ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఇతర నక్షత్రాల గ్రహాలను కనుగొన్నవారు నేటికీ ఉదహరించే వ్యాసం 2003లో యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ వారి ‘ది మెసెంజర్’ అనే త్రైమాసికలో వచ్చింది. సమీక్షిత పత్రికలను మాత్రమే లెక్కించే సంఘం ముందు దాని విలువ సున్నా.

కాలం కూడా ఈ లెక్కకు లొంగదు. వాతావరణపు అలజడిని అప్పటికప్పుడు సరిదిద్దే దర్పణం సాధ్యమేనని అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే ప్రతిపాదించాడు; ఖగోళ టెలిస్కోపు మీద అది 1989లో గాని రుజువు కాలేదు. మన గెలాక్సీ కేంద్రంలోని నక్షత్రాల కదలికలను పట్టి 2020 నోబెల్ బహుమతి దాకా చేరిన పరిశీలనలకు ఆధారం ఆ ఆలోచనే. అతడు పదేళ్లకొకసారి పదోన్నతి కోసం ఆ పత్రపు సైటేషన్లను చూపవలసివస్తే ఏమి చూపగలిగేవాడు? ఎలోడీ స్పెక్ట్రోగ్రాఫ్ సంగతీ ఆలోచించదగినదే. దానితో కనుగొన్న, 51 పెగాసి అనే నక్షత్రపు గ్రహం గురించిన పత్రం 1995లో వచ్చింది. పరికరాన్ని వివరిస్తూ ఆంద్రే బరాన్ ప్రథమ రచయితగా రాసిన పత్రం మాత్రం ఆ ఫలితం తరువాత, 1996లో గాని వెలువడలేదు.

మన హైదరాబాదు ఉదాహరణ నాకు మరింత బాధ కలిగిస్తుంది. పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని చేపట్టిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అనే నక్షత్ర పట్టిక కోసం, నిజామియా వేధశాల ఆకాశాన్ని ఫోటో తీసే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో ఆకాశంలో తన వంతు మండలాలను ఫోటో పలకల మీదకు ఎక్కించింది. ఆ పలకల మీది లక్షల నక్షత్రాల స్థానాలను మనుషులు కంటితో కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. తరువాత ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్‌లోని అలాంటి పాత కొలతలను హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో పోల్చి, 2000లో వెలువడిన టైకో-2 కేటలాగు 25 లక్షల నక్షత్రాల నిజచలనాలను, అంటే ఆకాశంలో అవి మెల్లగా జరిగే తీరును, అందించింది. ఆ చలనాలను వాడుకునేవారు టైకో-2 పత్రాన్ని ఉదహరిస్తారు. హైదరాబాదు సంపుటాల పేరెత్తేవారు అరుదు.

కృతజ్ఞతల పేరాలో పరికరం పేరు రాస్తున్నారు కదా అని కొందరంటారు. ఆ పేరాను ఏ సైటేషన్ యంత్రమూ లెక్కించదు. ఇంతకన్నా సరైన దారులు ఇప్పటికే ఉన్నాయి. ఏ పత్రం ఏ పరికరపు దత్తాంశంతో వచ్చిందో యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ గ్రంథాలయం టెల్‌బిబ్ అనే పట్టికలో నమోదు చేస్తోంది. ఆకాశాన్ని విస్తృతంగా నమోదుచేసే స్లోన్ డిజిటల్ స్కై సర్వే తన నిర్మాతలకు ‘బిల్డర్’ హోదా ఇచ్చి, ఆ సర్వే పత్రాలకు సహరచయితలయ్యే హక్కు కల్పించింది. మన దేశంలో పరికరం నిర్మించే ప్రతి వేధశాలా ఈ రెండింటినీ అమలుచేయాలి. ఎంపిక సంఘాలు కూడా హెచ్-ఇండెక్స్ అడిగే ముందు, ఆ పరికరంలో అభ్యర్థి చేతిమీదుగా ఏ భాగం రూపొందిందో దాన్ని నడిపిన ఖగోళ శాస్త్రవేత్తల నుంచి లిఖితపూర్వకంగా తెప్పించుకోవాలి.