నెల్లూరులో నాలుగేళ్ళుగా ప్రీమియం కారు: సుఖపెట్టిందీ, బాధపెట్టిందీ

ఒంగోలులో ఉండే ఒకరు, జర్మన్ కారు కొనాలనుకుంటున్నాననీ, షోరూములో చెప్పే మాటలు కాకుండా మన ఊళ్ళలో రోజూ నడిపేవాళ్ళ అనుభవం కావాలనీ అడిగారు. నాది నెల్లూరు, బియ్యం వ్యాపారం. 2021లో డీజిల్ సెడాన్ కొన్నాను, ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయేవి చాలా మటుకు ఈ తరగతి కార్లన్నిటికీ వర్తిస్తాయి.

ముందు మా నాయన సంగతి. ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి రెండు నెలలకోసారి చెన్నై తీసుకెళ్ళి చూపించాలి. పోనూ రానూ మూడొందల యాభై కిలోమీటర్లు. పాత కారులో అయితే నాయుడుపేట చేరేలోపే నడుము పట్టేసిందని రెండుసార్లు ఆపమనేవారు. ఈ కారులో మొదటిసారి బయల్దేరిన రోజు వెంకటాచలం టోల్‌గేటు దాటగానే వెనక సీట్లో నిద్రపోయారు. తడ వచ్చేదాకా లేవలేదు. పక్కనే లారీలు పోతున్నా లోపలికి హోరు లేదు, వంతెనల దగ్గర అతుకులు ఎక్కి దిగినా కుదుపు లేదు. అద్దంలో ఆయన ముఖం చూసుకుంటూ నడిపాను. ఇంత డబ్బు పెట్టి తప్పు చేశానేమోనని మనసులో ఉన్న బెంగ ఆరోజే పోయింది.

రెండో సుఖం రాత్రి ప్రయాణం. కావలి వైపు హైవే మీద రాత్రిపూట వెళ్ళినవాళ్ళకు తెలుసు: పక్కన ఆపిన లారీకి వెనక లైటు ఉండదు, రాంగ్ రూట్లో వచ్చే బండికి ముందు లైటు ఉండదు. నా కారు హెడ్‌లైట్లు ఎదుటి వాహనం ఉన్నంత మేర వెలుతురు తగ్గించి, మిగతా రోడ్డంతా హై బీమ్‌లోనే ఉంచుతాయి. డివైడర్ దాటి వస్తున్న గేదెను ఒకసారి చాలా దూరం నుంచే చూడగలిగాను. అవి మామూలు లైట్లయితే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు. మీరు ఏ మోడల్ చూసినా ఈ లైట్లు ఉన్న వేరియంట్ తీసుకోండి. కావాలంటే గాజు పైకప్పు వదిలేయండి. రోహిణి కార్తెలో ఆ గాజు కింద కూర్చోవడం మనవల్ల కాదు. మాది వేసవి మూడు నెలలూ తెర మూసే ఉంటుంది.

ఇక బాధలు. ఈ కార్లను మంచి రోడ్డు మీద పరుగెత్తడానికి చేశారు. ఆ పరుగులో దాన్ని మించింది లేదు. బాధంతా హైవే దిగి ఇంటికి చేరే ఆ నాలుగైదు కిలోమీటర్లలోనే. మా ఇల్లు మూలాపేటలో. రైలు పట్టాలకు ఇవతల ఉన్నవాళ్ళం హైవే ఎక్కాలంటే దగ్గరి దారి పట్టాల కింద పోయే అండర్‌బ్రిడ్జి. కార్తీకంలో గట్టి వాన పడితే ఆత్మకూరు బస్టాండు దగ్గరా, మాగుంట లేఅవుట్ దగ్గరా ఆ అండర్‌బ్రిడ్జిల కింద నీళ్ళు నిలుస్తాయి. ఆటోలు దాటేస్తుంటే మనకూ దాటాలనిపిస్తుంది. దయచేసి దిగొద్దు. నా సెడాన్ కింద అరడుగు ఎత్తు కూడా ఉండదు. ఇంజిన్‌లోకి నీళ్ళు లాగితే లోపల రాడ్లు వంగిపోతాయి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ స్టార్ట్ చేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నేను వానాకాలమంతా చుట్టూ తిరిగి ఫ్లైఓవర్ మీదుగానే పోతాను. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా తీసుకోవాలి, మామూలు పాలసీలో అది రాదు.

2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు నేను కారుతో ఒంగోలులో ఉన్నాను. చుట్టాలింట్లోనే ఆగిపోయాను. వేరే దారిన వెళ్దామని కొందరన్నారు గానీ కొత్త కారును ఆ నీళ్ళలోకి దించడానికి మనసొప్పలేదు.

కోతల రోజుల్లో ఇంకో సమస్య. మనవైపు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. రైతుకు కల్లం లేకపోతే ఎక్కడ పోసుకుంటాడు, వాళ్ళను తప్పుపట్టను. ధాన్యం పక్కన పెట్టిన రాళ్ళను తప్పించుకుంటే చాలు. బండ్లు తొక్కి గింజ రాలాలని ఉలవ కట్టె, అంటే కోసిన ఉలవ మొక్కలు, పరిచిన రోడ్డు మాత్రం ప్రమాదం. ఉదయగిరి పోయేటప్పుడు ఒకసారి దాని మీదుగా వెళ్ళాను. పది నిమిషాలకు మాడు వాసన. ఆపి చూస్తే కట్టె కింద చుట్టుకుపోయి, సైలెన్సర్ దగ్గర పొగ వస్తోంది. పక్క పొలంలో పనిచేస్తున్న పెద్దాయన పరుగున వచ్చి, "ఇంజిన్ ఆపు నాయనా, ముందు నువ్వు దిగు" అని, కర్రతో మొత్తం లాగేశాడు. ఆయన లేకపోతే కారు తగలబడేదే. అప్పటి నుంచి దూరంగా కట్టె కనబడితే ఆగి, పక్కకు తీయించుకుని పోతున్నాను.

డీజిల్ కొంటే ఇంకో మాట. బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు బాగా వేడెక్కి మసిని తనే కాల్చేసుకుంటుంది, దానికి ఆగకుండా కాసేపు ఒకే వేగంతో నడవాలి. ట్రంకు రోడ్డులో దుకాణానికీ ఇంటికీ తిరిగితే ఆ అవకాశం రాదు, వార్నింగ్ లైటు వెలుగుతుంది. నాకు రెండుసార్లు వెలిగింది, రెండుసార్లూ కావలి దాకా పోయి వస్తే ఆరిపోయింది. పొగను శుభ్రం చేయడానికి విడి ట్యాంకులో పోసే ఆడ్‌బ్లూ ద్రవం కూడా అయిపోనివ్వకూడదు. పూర్తిగా ఖాళీ అయితే ఇంజిన్ ఆపాక మళ్ళీ స్టార్ట్ కాదు. మీకు ఊళ్ళో తిరుగుడే ఎక్కువైతే పెట్రోలే చూడండి.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం సర్వీసు. మా కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు చెన్నైకో విజయవాడకో పోవాల్సిందే. ఒక ఆదివారం ఇంజిన్ లైటు వెలిగి, బండి నలభై దాటడం మానేసింది. ట్రక్కు మీద ఎక్కించి పంపాను. ఒకరోజు సెన్సార్ అన్నారు, ఇంకోరోజు పంపు అన్నారు. పదకొండు రోజుల తర్వాత తేలింది ఎలుకలు వైరు కొరికాయని. మా వీధిలో బియ్యం బస్తాలు దిగుతాయి, ఎలుకలు ఉంటాయి, ఆ మాట నేను మొదటిరోజే చెప్పాను. విని ఉంటే ఒక్కరోజులో అయ్యే పని. ఆ పదకొండు రోజుల మధ్యలో నాయనకు చెన్నై అపాయింట్‌మెంట్ వచ్చింది. అద్దె కారులో తీసుకెళ్ళాను, ఆయన పాపం మళ్ళీ నడుము పట్టుకున్నారు. కోపం డబ్బు గురించి కాదు, అందుకు. ఇప్పుడు రాత్రిపూట బానెట్ కింద లైటు పెట్టి ఉంచుతున్నాను, వారానికోసారి తెరిచి చూస్తాను.

బ్యాటరీ సంగతీ అంతే. మన మెకానిక్ అన్న మార్చగలడు, కానీ కొత్త బ్యాటరీ పెట్టినట్టు స్కానర్ తగిలించి కారు కంప్యూటర్‌కు చెప్పకపోతే ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. ఆ స్కానర్ ఉన్నవాడెవరో కొనకముందే వెతికి పెట్టుకోండి. నా కారుకు స్టెప్నీ లేదు, రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా గంటకు ఎనభైకి మించకుండా ఎనభై కిలోమీటర్ల దాకా పోవచ్చు. అది నిజంగా మంచి ఏర్పాటు, నాకు టంగుటూరు దగ్గర అక్కరకొచ్చింది. కానీ ఆ సైజు టైరు ఇక్కడ దొరక్క నాలుగు రోజులు ఆగాను.

డబ్బు విషయంలో ఒక్కటే చెప్తాను. పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు మన తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది రిటర్నులో మన ఖాతాకు జమవుతుంది, మీ ఆడిటర్‌కు తప్పకుండా చెప్పండి. వారంటీ పొడిగింపు ఖరీదే అయినా వదలొద్దు.

నెలకు కనీసం రెండు మూడు దూర ప్రయాణాలు ఉంటేనే కొనండి. పెద్దవాళ్ళు ఉన్న ఇల్లయితే సెడాన్ కంటే ఎత్తున్న ఎస్‌యూవీ నయం. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇందులోకి దిగడం, లేవడం రెండూ కష్టమే. ఆ ఒక్కటి ముందే ఆలోచించనందుకు ఇప్పటికీ బాధగా ఉంది. టెస్ట్ డ్రైవ్‌కు బండిని ఇంటికే తెప్పించుకోండి. మీ వీధి స్పీడ్ బ్రేకర్ల మీద, మీ గేటు ర్యాంపు మీద ఎక్కించండి, ఇంట్లో పెద్దవాళ్ళను వెనక కూర్చోబెట్టి దించి చూడండి. హైవే మీద ఎలా ఉంటుందో మీరు చూడనక్కర్లేదు, అక్కడ బాగానే ఉంటుంది.