తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్, నేను బీటెక్ మానేయాలా?

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. నెల్లూరులో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మా తమ్ముడికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. జ్వరం తగ్గక, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పరీక్షలు చేయించాం. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. రాయవేలూరులో చేర్చి మూడు వారాలైంది. అమ్మ వాడి దగ్గరే ఉంది. నాన్న రెండెకరాల నిమ్మతోట చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. అప్పటినుంచి నేను కూడా కాలేజీకి వెళ్లలేదు. చదువు మానేసి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో చేరితే నెలకు 14 వేలు వస్తాయని పిన్ని అంటోంది. వాడు అలా ఉంటే నేను క్లాసులో కూర్చోవడం తప్పు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చదువు మానొద్దు. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. ఎందుకో, మరి ఇల్లు ఎలా నడవాలో తర్వాత మాట్లాడుకుందాం.

మీ తమ్ముడికి వచ్చిన రకానికి చికిత్స నెలా రెండు నెలల్లో అయ్యేది కాదు. మొదటి దశ, డాక్టర్లు ఇండక్షన్ అంటారు, నాలుగైదు వారాలు ఉంటుంది. అది అయ్యాక ఎముక మూలుగ పరీక్ష చేసి జబ్బు ఎంత అణిగిందో చూస్తారు. ఆ తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, ఆపైన మాత్రలతో నడిచే మెయింటెనెన్స్. అంతా కలిపి రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. ఇప్పుడు నువ్వు చదువు మానేస్తే, వాడి మందులు పూర్తయ్యేనాటికి నీ చేతిలో డిగ్రీ ఉండదు. మానకపోతే, వాడు మెయింటెనెన్స్‌లో ఉండగానే నీ బీటెక్ అయిపోతుంది. ఇంటికి డబ్బు ఇంకా అవసరం ఉన్న ఆ రోజుల్లో నీకు వచ్చే జీతం, ఈరోజు శ్రీసిటీలో వచ్చే 14 వేల కంటే నిలకడగా ఉంటుంది. పిన్ని చెప్పింది ప్రేమతోనే. ఆమె ఈ నెల ఖర్చు చూస్తోంది, మనం రెండున్నరేళ్లు చూడాలి.

ఒంగోలు వైపు నుంచి నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు. వాళ్లన్నకు లుకేమియా అని తెలిసిన వారంలోనే డిగ్రీ ఫైనలియర్ వదిలేశాడు. కాలేజీకి ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. అన్న కోలుకుని ఉద్యోగంలో చేరాడు. తమ్ముడు నాలుగేళ్ల తర్వాత ఆ చదువు ఎలా పూర్తి చేయాలో అడగడానికి వచ్చాడు. వెంట వచ్చిన అన్న నా ముందే ఏడ్చాడు, తన వల్లే వీడి చదువు పోయిందని. జబ్బు తగ్గినా ఆ బాధ అతనికి తగ్గలేదు. మీ తమ్ముడి మీద అలాంటి బరువు పెట్టకు.

ఇక కాలేజీ సంగతి. హాజరు 75 శాతం ఉండాలి. సరైన కారణం, కాగితాలు చూపిస్తే 65 దాకా కండొనేషన్, అంటే హాజరు మినహాయింపు, ఇచ్చే వీలు జేఎన్‌టీయూ నిబంధనల్లో ఉంది. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్‌కు డిటెయిన్ చేస్తారు, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. సెమిస్టర్‌కు 90 పని దినాలు అనుకుంటే, 75 శాతానికి 22 రోజులు, 65 శాతానికి 31 రోజులు మానొచ్చు. మూడు వారాల్లో నీకు 18 రోజులు పోయాయి. అంటే ఇబ్బంది లేకుండా మిగిలినవి 4 రోజులే. కండొనేషన్ ఫీజు కట్టుకుని లాగితే 13. నీ కాలేజీ క్యాలెండర్ తీసుకుని ఈ లెక్క నువ్వే మళ్లీ వేసుకో. ఆ మిగిలిన రోజుల్ని ఊరికే ఖర్చు పెట్టొద్దు, మూలుగ పరీక్ష రిజల్ట్ వచ్చే వారానికి దాచుకో. డాక్టర్ తర్వాతి ప్లాన్ చెప్పేది అప్పుడే, నువ్వు పక్కన ఉండాల్సింది కూడా అప్పుడే.

హెచ్‌ఓడీకి, ప్రిన్సిపాల్‌కు ఇప్పుడే ఒక లెటర్ ఇవ్వు. తమ్ముడి డయాగ్నోసిస్ కాగితం, అడ్మిషన్ కాగితం జిరాక్స్ జత చెయ్యి. ఇచ్చినట్టు నీ కాపీ మీద సంతకం, తేదీ వేయించుకో. నోటిమాటగా చెబితే పరీక్షల ముందు ఎవరికీ గుర్తుండదు. ఒకవేళ రిజల్ట్ బాగా రాక, నువ్వు అక్కడ నెలల తరబడి ఉండాల్సి వస్తే, అప్పుడు కూడా మానేయడం కాదు, అనుమతి తీసుకుని ఒక సెమిస్టర్ ఆగి మళ్లీ చేరడం. రెండింటికీ చాలా తేడా ఉంది. అలా ఆగితే నీ సీటు ఉంటుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో గ్యాప్ ఎందుకని అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే, ఆగినప్పుడు దాని పరిస్థితి ఏమిటో స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ముందే అడుగు. తమ్ముడి విషయంలోనూ అంతే. టీసీ తీసుకోవద్దు. ఈ ఏడాది పరీక్షలు రాయలేకపోతే వచ్చే ఏడాది రాస్తాడు. వాళ్ల కాలేజీకి కూడా ఒక లెటర్ ఇవ్వండి.

ఇంట్లో పనులు పంచుకోవాలి. ఇప్పుడు అందరూ అన్నీ చేస్తున్నారు, అందుకే అందరూ అలిసిపోతున్నారు. ఎండలు ముదిరే కొద్దీ నిమ్మకు రేటు వస్తుంది. ఆ కాలంలో మీ నాన్న పొదలకూరు మార్కెట్‌ను వదిలి వేలూరులో కూర్చుంటే ఏడాది ఆదాయం పోతుంది. ఆయన్ని తోట దగ్గర ఉండనివ్వండి. అమ్మ వాడి దగ్గర ఉంటుంది. శనివారం క్లాసులయ్యాక నువ్వు వెళ్లి, ఆ ఒక్క రాత్రైనా అమ్మను నిద్రపోనివ్వు. సెలవులు కలిసొస్తే ఇంకో రెండు రోజులు ఉండు. మేనమామో బాబాయో ఉంటే నెలలో ఒక వారం వాళ్లను అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

కాగితాల పని నువ్వు తీసుకో, చదువుకున్నదానివి కాబట్టి అది నీకే తేలిక. ఎన్టీఆర్ వైద్యసేవ, మనవాళ్లు ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు, అది ఆ ఆస్పత్రిలో ఈ చికిత్సకు వర్తిస్తుందా అని మీకు దగ్గర్లోని నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను, అంటే ఈ పథకం పని చూసే ఉద్యోగిని, అడుగు. ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టొచ్చు. చికిత్సకు ముందే అయితే ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ప్రభుత్వం ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం), అయ్యాక అయితే ఒరిజినల్ బిల్లులతో. అందుకే ఒక్క బిల్లు కూడా పారేయొద్దు. చికిత్స కోసం రైల్లో వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే ఒకరికి టికెట్‌లో రాయితీ ఉంది. స్లీపర్‌లో రోగికి పూర్తిగా, తోడుకు 75 శాతం. దాని ఫారం మీద ఆస్పత్రిలో సంతకం చేయించుకోవాలి. తేదీలు, మందుల పేర్లు, రక్త పరీక్షల అంకెలు అన్నీ ఒకే నోటుబుక్కులో రాయి.

రక్తం గురించి ఒక మాట జాగ్రత్తగా విను. నీ గ్రూపు కలిసినా, డాక్టర్‌ను అడగకుండా తమ్ముడికి నువ్వు గానీ అమ్మానాన్న గానీ రక్తం ఇవ్వొద్దు. ఈ జబ్బులో అందరికీ మూలుగ మార్పిడి అవసరం పడదు. కానీ పడితే, హెచ్‌ఎల్‌ఏ, అంటే మార్పిడికి దాత సరిపోతారో లేదో చూసే కణాల గుర్తులు, పూర్తిగా కలిసే అవకాశం తోబుట్టువుకు నాలుగింట ఒక వంతు ఉంటుంది. దాతయ్యే వీలున్న సొంతవాళ్ల రక్తం ముందే ఎక్కిస్తే, తర్వాత మూలుగ అతుక్కోవడం కష్టం కావచ్చు. దాతల్ని బయటినుంచి నీ క్లాస్‌మేట్స్‌తో కూడగట్టు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి, ఒకేసారి ఇరవై మంది వెళ్లడం కన్నా, పిలిస్తే వెళ్లగలిగేవాళ్ల లిస్టు నీ ఫోన్లో ఉండటం మేలు. తిండి మానేసి, నిద్ర మానేసి నీ ఆరోగ్యం పాడు చేసుకోకు. రేపు వాడికి నువ్వే దాతవు కావచ్చు.

చుట్టాలు ఏ స్టేజీ అని అడుగుతుంటారు. గడ్డల క్యాన్సర్‌కు చెప్పినట్టు దీనికి స్టేజీలు చెప్పరు. అక్యూట్ అంటే త్వరగా ముదిరేది అని, ఆఖరి దశ అని కాదు. అంటుకునేదీ కాదు. ఇంట్లో ఈ జబ్బు ఉంటే ఆడపిల్లకు సంబంధాలు రావని ఎవరైనా అంటే ఆ మాట అమ్మ దాకా పోనివ్వకు. పసరు మందు ఇద్దామని వచ్చేవాళ్లకు మాత్రం గట్టిగా వద్దని చెప్పు. కీమో నడుస్తుండగా అలాంటివి లివర్‌కు చేటు చేయొచ్చు.

తప్పు చేస్తున్నట్టుంది అని రాశావు. ఆ బాధ నాకు అర్థమైంది. ఒక్క పొట్టన పుట్టినవాళ్లలో ఒకరు మంచాన పడితే, ఇంకొకరికి అన్నం ముద్ద దిగదు. నీ ఉత్తరంలో నీకు ఎలా ఉందో అడిగినవాళ్లు ఎవరూ కనిపించలేదు. ఒక స్నేహితురాలికో, నమ్మకమైన మేడమ్‌కో అంతా చెప్పుకుని ఏడ్వు. క్లాసులో మనసు నిలవని రోజులు ఉంటాయి. ఆ రోజు వెళ్లి కూర్చో చాలు, నోట్స్ ఎవరిదైనా తీసుకోవచ్చు. ఈ సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే తగ్గనీ. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిన సబ్జెక్టు) లేకపోవడం చూస్తాయి, కాబట్టి పాస్ అవడం మీద దృష్టి పెట్టు.

వాడిని డిశ్చార్జ్ చేసి పంపినప్పుడు, జ్వరం 100.4 వస్తే నెల్లూరులో ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ డాక్టర్‌తోనే రాయించుకో. కీమోలో ఉన్న పిల్లాడికి జ్వరం వస్తే మాత్ర వేసి తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రైనా బయల్దేరాలి. కారు ఎవరిదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

సోమవారం కాలేజీకి వెళ్లు. శనివారం వేలూరు బస్సెక్కు. వార్డులోకి వెళ్లే ముందు చేతులు కడుక్కుని మాస్కు పెట్టుకో. నీకు జలుబు చేస్తే ఆ వారం వెళ్లకు, వీడియో కాల్ చేసి కాలేజీలో ఏం జరిగిందో చెప్పు.