థండర్‌బర్డ్ ఫిల్టరు క్లయింట్ల మెయిళ్లను వేరే ఫోల్డరులో వేస్తోంది, ఎందుకు?

సందేహం: మా ఆడిట్ కార్యాలయంలో మెయిళ్లకు థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాం వాడుతున్నాం. సబ్జెక్టులో ఇంగ్లిష్‌లో ‘ట్యాన్’ (పన్ను కోతకు సంబంధించిన ఖాతా సంఖ్య) అని ఉన్న మెయిళ్లు ఒక ఫోల్డరులోకి, క్లయింట్లవి వారి వారి ఫోల్డర్లలోకి వెళ్లేలా ఫిల్టర్లు పెట్టాను. అయినా క్లయింట్ల మెయిళ్లు కొన్ని ట్యాన్ ఫోల్డరులో చేరుతున్నాయి. ఫిల్టర్లు తీసేసి మళ్లీ పెట్టినా అంతే. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: అవే షరతులతో మళ్లీ పెడితే ఫలితమూ అదే వస్తుంది కాబట్టి, ముందు పొరపాటు ఏ ఫిల్టరు దగ్గర జరుగుతోందో చూడాలి. టూల్స్ మెనూలోని మెసేజ్ ఫిల్టర్స్ తెరిస్తే ‘ఫిల్టర్ లాగ్’ అనే బటన్ కనిపిస్తుంది. అందులో లాగ్‌ను ఎనేబుల్ చేస్తే, అప్పటి నుంచి ఏ మెయిల్‌ను ఏ ఫిల్టరు ఎక్కడికి తరలించిందో నమోదవుతుంది. చాలామంది దీన్ని తెరిచి చూడరు గానీ, ఇలాంటి చిక్కుల్లో ఇంతకు మించిన ఆధారం లేదు.

మీరు రాసినదాన్ని బట్టి ‘కంటైన్స్’ అనే షరతే కారణమనిపిస్తోంది. అది విడి పదాన్ని కాక అక్షరాల వరుసను వెతుకుతుంది, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా కూడా చూడదు. టి, ఎ, ఎన్ అనే మూడక్షరాలు ‘ఇంపార్టెంట్’, ‘అవుట్‌స్టాండింగ్’ అనే మాటల స్పెల్లింగులోనూ పక్కపక్కనే ఉంటాయి కనుక, బకాయి ఫీజు గురించి క్లయింటు రాసిన మెయిల్ కూడా ట్యాన్ ఫోల్డరుకే పోతుంది. పూర్తి పదాన్ని మాత్రమే పోల్చే షరతు థండర్‌బర్డ్‌లో విడిగా లేదు. అందువల్ల ట్యాన్ ఫిల్టరులో సబ్జెక్టుకు బదులు ‘ఫ్రమ్’ ఎంచుకుని, పన్ను శాఖ మెయిల్ చిరునామాలో @ గుర్తు తర్వాత ఉండే భాగాన్ని ఇవ్వండి.

వరుస క్రమం కూడా ముఖ్యమే. ఫిల్టర్లు పైనుంచి కిందికి నడుస్తాయి, పైనున్నది మెయిల్‌ను తరలించేస్తే కిందివాటికి అది అందదు. కాబట్టి క్లయింట్ల ఫిల్టర్లను ‘మూవ్ అప్’తో పైకి జరపండి. ఒకే క్లయింటుకు రెండు చిరునామాలుంటే ‘మ్యాచ్ ఆల్’ కాక ‘మ్యాచ్ ఎనీ’ ఉండాలి. లేకపోతే ఆ ఫిల్టరు ఎప్పటికీ పనిచేయదు.

ఫిల్టర్లు మామూలుగా కొత్తగా వచ్చే మెయిళ్లకే వర్తిస్తాయి. ఇప్పటికే దారి తప్పినవాటి కోసం క్లయింట్ల ఫిల్టర్లను ఎంచుకుని, కింద ట్యాన్ ఫోల్డరును చూపి ‘రన్ నౌ’ నొక్కండి. ఆ ఫిల్టర్లలో ‘మాన్యువల్లీ రన్’ టిక్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఇవన్నీ మార్చే ముందు ప్రొఫైల్ ఫోల్డరులో (థండర్‌బర్డ్ మీ మెయిళ్లను, సెట్టింగులను దాచే చోటు) మీ ఖాతాకు సంబంధించిన, ఫిల్టర్లు నిల్వ ఉండే ‘msgFilterRules.dat’ ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకోండి.