గాలిలో 0.04 శాతమే ఉన్న వాయువు అంత పని చేస్తుందా?

"కార్బన్ డయాక్సైడ్ గాలిలో 0.04 శాతమే కదా, అది ఎండల్నీ మబ్బుల్నీ ఎట్లా మారుస్తుంది?" అని ఒకరు అడిగారు. ఈ అనుమానం నాకూ ఉండేది. మిర్యాలగూడ దగ్గర వరి మళ్లలో ఒక వానాకాలం డబ్బాలు మోశాక పోయింది.

పీజీ ప్రాజెక్టు అది. సాగర్ ఎడమ కాలువ కింది పొలం. అడుగు లేని అక్రిలిక్ పెట్టెను వరి కుదుళ్ల మీద బోర్లించి, రబ్బరు బిరడాలోంచి సిరంజితో గాలి తీయాలి: పెట్టగానే ఒకసారి, పావుగంటకు, అరగంటకు. మీథేన్ (ఇదీ వేడిని పట్టే వాయువే) ఎంత పెరిగిందో ల్యాబ్‌లో చూస్తారు. "ఏంది సారూ, ఉత్త గాలిని డబ్బాల వట్టుకపోతున్నరు?" అని పొలం ఆయన నవ్వాడు.

మొదటి వారమే తప్పు చేశాను. చెక్క పలక మీద నిలబడకుండా బురదలోకి దిగాను. కాలు పడ్డచోటల్లా బుడబుడమని బుడగలు. ఆ రోజు లెక్కలు ఎక్కడికో పెరిగిపోయాయి, మా సీనియర్ ఆ నమూనాలన్నీ పక్కన పెట్టించింది. ఆ బుడగల్లో ఉన్నది మీథేనే. నీళ్లు నిలిచిన మట్టిలోకి ఆక్సిజన్ దిగదు, అది అక్కర్లేని సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. ఎక్కువ భాగం వరి కాడల్లోని గాలి దారుల గుండా పైకొస్తుంది. పెట్టెను మొక్కల మీదే బోర్లించేది అందుకే.

ఇంతా చేసి గాలిలో మీథేన్ కోటి అణువుల్లో 19. ఫ్యాక్టరీల కాలానికి ముందు 7. మరెందుకు లెక్క? పొడి గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. నేల వదిలే వేడి వాటి మధ్య నుంచి దాటిపోతుంది. దాన్ని పట్టేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లాంటి కొద్ది వాయువులే. వేడిని పట్టేవాళ్లే పిడికెడు మంది అయినప్పుడు, ఊరి జనాభాతో పోల్చి లాభం లేదు.

మబ్బుల సంగతి ఇంత తేలిక కాదు. మాది జడ్చర్ల వైపు. "మబ్బు వడుడే గానీ వాన లేదు" అన్న మాట చిన్నప్పటినుంచీ వింటున్నదే. పడమటి కనుమలు తేమను ముందే పిండేసుకుంటాయి. 2011లో పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు మహబూబ్‌నగర్‌లో నెలల తరబడి గాలిలోని రేణువుల్నీ మబ్బుల్నీ పరిశీలించారు. మబ్బు బిందువు కట్టాలంటే ధూళో పొగో ఉప్పో, ఏదో ఒక రేణువు కావాలి. అవి మరీ ఎక్కువైతే ఉన్న నీరే పంచుకుని బిందువులు చిన్నవవుతాయి. ఒక చినుకుకు అలాంటివి సుమారు పది లక్షలు కలవాలి, చిన్నవి తొందరగా కలవవు. కాబట్టి మీ ఊరి మీదుగా వాన పడకుండా పోయిన ఒక్క మబ్బును చూపి వాయువుల మీద నెట్టలేం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, పడ్డ రోజు కుమ్మరిస్తుంది. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

మడిని మధ్యమధ్య ఆరబెడితే మీథేన్ సగం దాకా తగ్గుతుందని పొలం ఆయనకు చెప్పాను. "గడ్డి మొలుస్తది, కైకిళ్లు నువ్విస్తవా?" అన్నాడు. తర్వాత ఆలోచించి ఒక మడి ఇచ్చాడు. కాలువ నీళ్లు ఎట్లాగూ సరిగా ఎక్కని చివరి మడి.