సిరామిక్ బ్రేక్ ప్యాడ్లు వేయించాలా?

ప్రశ్న: నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే తిరుగుతుంది, ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం వెళ్తాం. ముందు అల్లాయ్‌లు వారానికే నల్లబడుతున్నాయి, బ్రేకు కీచుమంటోంది. మెకానిక్ సిరామిక్ ప్యాడ్లు వేయించమంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: మీ వాడకానికి సరిపోతాయి. దుమ్ము తక్కువ, పైగా లేత రంగు కాబట్టి రిమ్ముకి అంటినా అంతగా కనబడదు. బండి ఇంకా తక్కువ దూరంలో ఆగుతుందని మాత్రం ఆశపడకండి. వెనక డ్రమ్ బ్రేకులుంటే అక్కడ ప్యాడ్లే ఉండవు, ముందు సెట్ మార్చితే చాలు.

కీచుకి కారణం ప్యాడే కానక్కర్లేదు. కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) జరిగే స్లైడ్ పిన్ను ఎండిపోయి పట్టేస్తే లోపలి, బయటి ప్యాడ్లలో ఒకటి త్వరగా అరుగుతుంది, చప్పుడూ రావచ్చు. కాబట్టి ముందు పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, సిలికాన్ బ్రేక్ గ్రీజు రాయించండి. మామూలు గ్రీజు వద్దు, పిన్నుల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) ఉబ్బిపోతాయి. డిస్కు మందమూ కొలిపించండి. కనీస మందం సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అంతకన్నా అరిగిపోతే డిస్కులు మార్చకుండా కొత్త ప్యాడ్లు వేయడం దండగ.

వేయించాక, కొత్త ప్యాడ్లు డిస్కుకి సర్దుకునేలా, ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, 8–10 సార్లు తగ్గించండి. ఒక్కోసారికీ మధ్య కాస్త దూరం బ్రేకు ముట్టుకోకుండా నడపండి. ఇది చేయకుండానే ‘సిరామిక్ పట్టదు’ అనేవాళ్లు ఎక్కువ!

నిండా మనుషులు, సామానుతో తరచూ ఘాట్లు దిగే బండికైతే మా ఓటు లోహం కలిసిన సెమీ మెటాలిక్‌కే. మీరు శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఉంచండి.