అప్పు చేసి కీబోర్డు కొనాలా?

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. నెలకు మూడు ప్రోగ్రాముల దాకా కీబోర్డు వాయిస్తాను. అన్నీ చిన్నవే. నలభై యాభై మంది కబుర్లు చెప్పుకుంటుంటే వెనక మెల్లగా వినిపించాలి, అంతే. ఒక్కోదానికి రానుపోను ఖర్చులు పోగా, ఇంటి నెల ఖర్చులో పదోవంతు మిగులుతుంది. ఏడాదిలో రెండు నెలలు ఒక్కటీ ఉండదు. పాత కీబోర్డులో రెండు కీలు సరిగా పలకడం లేదు. నాలుగు నెలల ఇంటి ఖర్చంత ధర ఉన్న పెద్ద అరేంజర్ (తాళం, తోడు వాద్యాలు తానే వాయించే కీబోర్డు) చూశాను. దాచుకున్న నెలన్నర ఖర్చు ముందు కట్టేసి, మిగతాది క్రెడిట్ కార్డు మీద 24 నెలల ఈఎంఐగా మార్చుకుందామని ఉంది. నెలకు 3 శాతం వడ్డీ. సంపాదించిపెట్టే వస్తువు కాబట్టి పెట్టుబడే అంటున్నారు మిత్రులు. లేక ఒక నెల ఖర్చులో వచ్చే చిన్న అరేంజర్ చాలా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు కెమెరా కొనేవాళ్లూ రాస్తారు, కుట్టుమిషన్ కొనేవాళ్లూ రాస్తారు. ‘సంపాదించిపెడుతుంది’ అన్న మాట మాత్రం అందరిదీ. ఈఎంఐ కట్టేది మీరు కాబట్టి మీ మిత్రులకు అది పెట్టుబడిలాగే కనిపిస్తుంది.

లెక్క వేద్దాం. నెలకు 3 శాతమంటే వంద తీసుకున్నవారు 24 నెలల్లో దాదాపు 142 కడతారు. మీరు ముందు కట్టేదీ కలిపితే ఆ కీబోర్డు ఐదు నెలల ఇంటి ఖర్చు మింగుతుంది. అంటే యాభై ప్రోగ్రాములు. ఏడాదికి ముప్ఫై చొప్పున ఇరవై నెలలు వాయించినా మీ చేతికి పైసా మిగలదు. చిన్నదైతే పది ప్రోగ్రాములకే తేలిపోతుంది. పోనీ పెద్దది తెచ్చారని పిలిచినవాళ్లు ఎక్కువిస్తారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

నాకు నిద్రపట్టనిది వడ్డీ గురించి కూడా కాదు, ఆ నెలన్నర డబ్బు గురించి. అది మీ అత్యవసర నిధి. మీరు ఆ పేరు పెట్టలేదు, అంతే. అది కీబోర్డుకు పోయాక ఉద్యోగం ఊడినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా, మీ చేతి వేలికి దెబ్బ తగిలినా మిగిలేది ఆ కార్డే. అప్పటికే దాని మీద ఈఎంఐ నడుస్తుంటుంది. ప్రోగ్రాముల్లేని రెండు నెలలు అది సెలవు తీసుకోదు. జీతం మీద ఇల్లు నడిచేవాళ్లకే ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటాను. మీకు కనీసం మూడు నెలలదైనా చేరేదాకా కొత్త కీబోర్డు ఊసెత్తకండి. ప్రోగ్రాం డబ్బు జీతం ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో వేయండి. పదిహేను ప్రోగ్రాములతో, అంటే ఆరు నెలల్లో, ఆ మూడు నెలలూ పూర్తవుతాయి. తర్వాతి పదింటి డబ్బుతో చిన్న అరేంజర్ చేతికొస్తుంది.

అందాకా పాతదాన్ని విప్పించండి. పలకని కీల కింద రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ము చేరి ఉండటం మామూలే. తుడిస్తేనో, ఆ పట్టీ మారిస్తేనో చాలాసార్లు సరిపోతుంది. తప్పనిసరైతే ఒక పూటకు అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఇక చిన్నది చాలా అంటే, మీ పనికి చాలు. కాసియో సీటీ-ఎక్స్5000లో 15 వాట్ల స్పీకర్లు రెండున్నాయి. మాటల మధ్య మెల్లగా వినిపించడానికి అది ఎక్కువే. యమహా పీఎస్‌ఆర్-ఈ473లో 6 వాట్లవి రెండే, కానీ దానికీ విడిగా లైన్ అవుట్‌పుట్లు ఉన్నాయి. గది పెద్దదైతే బయటి స్పీకర్‌కు కలపవచ్చు. రెండూ 61 కీలవే. కొనేముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని మురిసిపోకండి. మీరు నిజంగా వాయించే తక్కువ వాల్యూమ్‌లో స్పీకర్ల మీదే వినండి. బేస్ మాయమవుతోందా? కీల టకటక ముందు వరసదాకా వినిపిస్తోందా? నిశ్శబ్దమైన గదిలో అది పాటకంటే ముందు చెవిన పడుతుంది. స్టైల్‌లో, అంటే కీబోర్డు తానే వాయించే తోడు వాద్యాల్లో, డ్రమ్స్ మాత్రం ఆపి, బేస్, స్ట్రింగ్స్ నడిపించగలరా చూడండి. రిజిస్ట్రేషన్ (ముందే దాచిపెట్టుకున్న టోన్, స్టైల్ అమరిక) మారుస్తుంటే మోగుతున్న స్వరం తెగిపోతోందా అన్నదీ గమనించండి. వందల టోన్ల జాబితా మీకు అక్కర్లేదు, మీరు వాడేది పదో పన్నెండో.

సెకండ్‌హ్యాండ్ అయినా పర్లేదు, ప్రతి కీ నొక్కి చూశాక. ‘నో కాస్ట్’ ఈఎంఐ ఇస్తామంటే, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారో అడగండి. ఇంటి బీమా ఉంటే, బయట డబ్బుకు వాయించే వాయిద్యానికి అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. చాలా పాలసీల్లో సంపాదనకు వాడే సామానుకు బీమా వర్తించదు.

కొత్తది వచ్చాక పాతది అమ్మేయకండి. ఎలాగూ పెద్దగా రాదు. ప్రోగ్రాం రోజు పొద్దున కొత్తది మొరాయిస్తే అద్దె కోసం పరుగెత్తక్కర్లేదు, తీసుకున్న అడ్వాన్సూ తిరిగివ్వక్కర్లేదు.