బ్యాటరీ ఒక్కటే, అప్పులు మూడు

ప్రశ్న: మాకు పది నెలల పాప ఉంది. ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి కూడా ఉన్నాయి. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటున్నాను. నా భార్య జీతంతో ఇల్లు గడుస్తోంది. రెండు నెలల క్రితం ఒక మధ్యాహ్నం పిల్లి షెల్ఫ్ ఎక్కి చిన్న రిమోట్‌ను కింద పడేసింది. నేను పాలసీసా కడిగి వచ్చేసరికి రిమోట్ కుక్క నోట్లో ఉంది. మూత ఊడిపోయింది, లోపలి బటన్ బ్యాటరీ కనబడలేదు. పాప ఆ పక్కనే కూర్చుని ఏదో చప్పరిస్తున్నట్టు నోరు ఆడిస్తోంది. ఎవరు మింగారో తెలియక ఇద్దరినీ తీసుకుని పరుగెత్తాను. పాప ఎక్స్‌రేలో ఏమీ లేదు. బ్యాటరీ కుక్క కడుపులో ఉంది. ఎండోస్కోపీ చేసి తీశారు, రెండు రోజులు అక్కడే ఉంచారు. ఎమర్జెన్సీ కోసమని మూడు నెలల ఖర్చుకు సరిపడా డిపాజిట్ వేసుకున్నాం. కానీ అది నా భార్య పేరు మీద ఉంది. ఆ సమయంలో ఆమె మీటింగ్‌లో ఉండటంతో లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాను. కొంత క్రెడిట్ కార్డు మీద నగదు తీశాను. గడువు వచ్చేసరికి మొదటి యాప్‌కు కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాను. ఇప్పుడు మొత్తం బాకీ ఒక నెల ఇంటి ఖర్చు కంటే కాస్త ఎక్కువే ఉంది. అన్నీ కలిపి ఒక పర్సనల్ లోన్ తీసుకుంటే మంచిదా? డిపాజిట్‌నూ, పాప చదువు కోసం నెలనెలా కడుతున్న ఫండ్‌నూ కదిలించడం ఇష్టం లేదు. జంతువులకు ఇన్సూరెన్స్ తీసుకోమంటారా?

జవాబు: ముందుగా ఒక మాట. బ్యాటరీ కనబడకపోయేసరికి వెతుకుతూ కూర్చోకుండా వెంటనే బయల్దేరారు చూడండి, ఆ రోజు మీరు చేసిన పనుల్లో అన్నిటికంటే సరైనది అదే. బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది. పిల్ల బాగానే ఆడుకుంటోంది కదా అని చూస్తూ కూర్చునే వ్యవహారం కాదు. మీ ఉత్తరం చదివాక నేను లేచి మా ఇంట్లో అలాంటి బ్యాటరీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. జ్వరం చూసే థర్మామీటరు, బరువు తూచే యంత్రం, కారు తాళం, పాట పాడే గ్రీటింగ్ కార్డు, రెండు రిమోట్లు. అందులో ఒక రిమోట్ మూతకు స్క్రూ కూడా లేదు. దాన్ని తీసుకెళ్లి అల్మారాలో పెట్టి తాళం వేశాను.

డబ్బు సంగతికి వస్తే మాత్రం మిమ్మల్ని మెచ్చుకోలేను. మీ దగ్గర డబ్బు ఉంది, అయినా అప్పు చేశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి కాబట్టే మీది ఎంచుకున్నాను.

ఆ మధ్యాహ్నాన్ని మీరు గంట గంటకూ రాసి పంపారు. అందులో ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఆస్పత్రి కౌంటర్ ముందు నిలబడి, ఒక చంకలో పాప, ఇంకో చేతిలో ఫోన్‌తో ఆ డిపాజిట్‌ను ఆన్‌లైన్‌లో రద్దు చేద్దామని చూశారు. పాస్‌వర్డ్ మీకు తెలుసు. కానీ ఓటీపీ మీ ఆవిడ ఫోన్‌కు వెళ్లింది. ఆ ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో ఉంది. నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. అప్పటికే కుక్క వెనక సీట్లో వాంతి చేసుకుంటోంది. ఇంకేముంది, యాప్ తెరిచారు. ఐదు నిమిషాల్లో ఖాతాలో డబ్బు పడింది.

ఎమర్జెన్సీ ఫండ్ అంటే చాలామంది ఎన్ని నెలల ఖర్చు పెట్టుకోవాలని మాత్రమే అడుగుతారు. మూడా, ఆరా, తొమ్మిదా అని. ఎంతసేపట్లో చేతికి వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్లు అడగాల్సింది ముందు అదే. ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటే వాళ్ల చేతికి గంటలోపు రాని డబ్బును నేను ఎమర్జెన్సీ ఫండ్ అనను, అది పొదుపు. మీ డిపాజిట్ మంచి పొదుపు. ఆ రోజు మాత్రం అది తాళం వేసిన బీరువాలో ఉంది, తాళంచెవి ఊరి అవతల మీటింగ్‌లో ఉంది.

సరే, ఆ పూట చేతికి రాలేదు. మరి సాయంత్రం మీ ఆవిడ ఇంటికి వచ్చాకైనా రద్దు చేయొచ్చు కదా? "ఎమర్జెన్సీ కోసం దాచింది కదండీ, అందుకని ముట్టుకోలేదు" అని రాశారు. ఈ వాక్యం నేను రెండుసార్లు చదివాను. పాప, కుక్క, ఇద్దరూ ఒకే పూట ఎక్స్‌రే బల్ల ఎక్కితే అది ఎమర్జెన్సీ కాకపోతే మరేది? దాచిన డబ్బు తరిగిపోతుందన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని చెక్కుచెదరకుండా ఉంచడానికి మీరు ఎంత కడుతున్నారో చూడండి.

యాప్‌లో మీరు 100 తీసుకుంటే ముందే 12 కోసుకుని 88 చేతికిచ్చారు. 30 రోజుల తర్వాత 100 కట్టమన్నారు. అంటే 88కి నెలకు 12 వడ్డీ. నెలకు 13.6 శాతం, ఏడాదికి లెక్క కడితే 163 శాతం పైనే. దాన్ని వాళ్లు వడ్డీ అనరు, ప్రాసెసింగ్ ఫీజు అంటారు. పేరేదైనా పోయింది మీ జేబులోంచే. ఆ బాకీ తీర్చడానికి రెండో యాప్‌కు వెళ్లారు, అక్కడ మళ్లీ కోత. ఇక కార్డు. కార్డుతో వస్తువు కొంటే బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదు. నగదు తీస్తే మాత్రం సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా నగదు తీసినందుకు వేరే ఫీజు. నెలకు 3 శాతమే అనుకున్నా ఏడాది తిరిగేసరికి అది 42 శాతం దాటుతుంది. మీ డిపాజిట్ మీద 10 శాతం వస్తుందనుకుందాం, అంత రాదనుకోండి. అక్కడ 10 సంపాదించడం కోసం ఇక్కడ 42 ఒకచోట, 163 ఇంకోచోట పోగొట్టుకుంటున్నారు.

లోన్ యాప్‌ల మీద నాకు ఓపిక లేదు, దాచుకోను కూడా. భయపడుతున్న తండ్రి చేతిలోని ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పు ఇచ్చేవాడు మీ మంచి కోరి ఇవ్వడు. ఆ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగి ఉంటుంది, కంగారులో మీరు సరే అని నొక్కేసి ఉంటారు. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అనుమతులు ఇప్పుడే తీసేయండి. బాకీ తీరాక, తీరినట్టు రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ తర్వాతే యాప్ తొలగించండి. కాగితం లేకుండా తొలగిస్తే రేపు వాళ్లు ఇంకా బాకీ ఉందంటే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కాబట్టి పర్సనల్ లోన్ వద్దు. అది నాలుగో అప్పు అవుతుంది. ఈ వారమే డిపాజిట్ రద్దు చేయించండి. గడువుకు ముందు తీసినందుకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తే కోయనివ్వండి, పైన చెప్పిన లెక్క ముందు అదేమీ కాదు. ఆ డబ్బుతో ముందు యాప్ బాకీ, ఆ వెంటనే కార్డు బాకీ పూర్తిగా కట్టేయండి. కార్డుకు కనీస మొత్తం కట్టి ఊరుకోవద్దు. మీ లెక్క ప్రకారం ఇంకా దాదాపు రెండు నెలల ఖర్చుకు సరిపడా మిగులుతుంది.

ఆ మిగిలిందాన్ని మళ్లీ ఒకే డిపాజిట్‌గా ఒకే పేరు మీద వేయకండి. ఇద్దరి పేరు మీద ఖాతా తెరిచి, ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా నడపగలిగేలా పెట్టించుకోండి. ఇద్దరికీ వేర్వేరు డెబిట్ కార్డులు, మీ లాగిన్‌కు ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. ఒక నెల ఖర్చు ఆ ఖాతాలోనే ఉండనివ్వండి. వడ్డీ తక్కువని గొణుక్కోకండి, ఆ డబ్బు వడ్డీ కోసం పెట్టింది కాదు. మిగతాది చిన్న చిన్న డిపాజిట్లుగా వేయండి, అవి కూడా ఇద్దరి పేరు మీదే. అప్పుడు ఒకటి రద్దు చేసినా మిగతావి కదలవు. లిక్విడ్ ఫండ్, అంటే కొద్ది రోజుల అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్ కూడా పరవాలేదు కానీ డబ్బు చేతికి రావడానికి సాధారణంగా ఒక పనిదినం పడుతుంది. మొదటి నెల డబ్బు మాత్రం అందులో పెట్టవద్దు.

మీకు మూడు నెలలు చాలదు. ఒక్క జీతం, ఐదు నోళ్లు. మీరు తిరిగి ఉద్యోగంలో చేరేదాకా ఆరు నెలల ఖర్చు ఉండాలి, తొమ్మిది అయితే నాకు ఇంకా ధైర్యం. అది పోగయ్యే వరకు పాప చదువు ఫండ్‌కు నెలనెలా కట్టేది ఆపేయండి. ఉన్నదాన్ని తీయకండి, కొత్తగా వేయడం మాత్రం ఆపండి. ఈ మాట చెప్పగానే తల్లిదండ్రులకు గుండె కలుక్కుమంటుందని తెలుసు. కానీ పాప కాలేజీకి ఇంకా పదిహేడేళ్లు ఉంది. ఇంట్లో స్క్రూ లేని రిమోట్ ఇంకొకటి ఉండొచ్చు.

కుక్కకూ పిల్లికీ ఏటా వేయించే టీకాలు, పురుగుల మందు ఎమర్జెన్సీ కిందికి రావు. ఎప్పుడు వస్తాయో ముందే తెలిసిన ఖర్చు అది. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెట్టండి. టీకాలు దాటవేస్తే, పాపకు వాటి గోరు గీసుకున్న రోజున ఖర్చు, టెన్షన్ రెండూ పెరుగుతాయి. ఇక అనుకోకుండా వచ్చే వాటికి కొలత మీ దగ్గరే ఉంది. మొన్నటి పశువైద్యశాల బిల్లు ఎంతో అంత మొత్తం ఎమర్జెన్సీ ఫండ్‌లో అదనంగా చేర్చండి.

ఇన్సూరెన్స్ గురించి అడిగారు. జంతువుల పాలసీ తీసుకుంటే తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ చాలా పాలసీల్లో మొదట కొన్ని రోజులు కవరేజీ ఉండదు, చాలాసార్లు బిల్లు ముందు మీరే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అంటే ఆ మధ్యాహ్నం కౌంటర్ ముందు మీ పరిస్థితి మారేది కాదు. దానికంటే ముందు చూడాల్సింది, పాప పేరు హెల్త్ పాలసీలో చేర్చారా అన్నది. మీరు రాయలేదు. చేర్చకపోతే మీ ఆవిడ ఆఫీసులో రేపే అడగమనండి. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది కాబట్టి ఆమెకు టర్మ్ పాలసీ, అంటే ఆమెకు జరగరానిది జరిగితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా కూడా ఉండాలి.

ఖాతా తయారయ్యాక ఒక శనివారం మధ్యాహ్నం మీ ఆవిడ ఫోన్ స్విచాఫ్ చేసి ఆమె చేతికే ఇవ్వండి. పాపను చంకన వేసుకుని, ఒక్క చేత్తో ఆ ఖాతాలోంచి డబ్బు పంపించి చూడండి. గడియారం పెట్టుకోండి. పది నిమిషాలు దాటితే సోమవారం ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి ఎక్కడ ఆగిందో సరిచేయించుకోండి. తర్వాతి శనివారం ఆమె వంతు, అప్పుడు మీ ఫోన్ ఆపి పెట్టండి.